యూనియన్ ద్వీపం బల్లి: పెంచి అమ్మితే దొంగవేట ఆగుతుందా?

గడ్డిపరక:
కరీబియన్‌లో సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్‌కి చెందిన చిన్న దీవి యూనియన్. అక్కడ చాథం బే పైనున్న పాత అడవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని బల్లి ఒకటుంది. 2005లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు, ఆ తర్వాత పెంపుడు జంతువుల వ్యాపారులు ఎగబడ్డారు. 2019లో సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కఠినమైన రక్షణ ఉన్న జాబితాలో చేర్చి, అడవిలో పట్టినవాటి అంతర్జాతీయ వ్యాపారం ఆపారు. యూరప్‌లో ఎలాగూ పెంచుతున్నారు కదా, వాటిని స్వేచ్ఛగా అమ్ముకోనిస్తే ధర పడిపోయి పట్టేవాళ్లు మానేయరా?

నాగావళి:
మానరు. పెంచిందేదో పట్టిందేదో చూసి ఎవరు చెప్పగలరు? విమానాశ్రయంలో డబ్బా తెరిస్తే బొటనవేలంత బల్లి, పక్కన ‘మా దగ్గర పుట్టింది’ అన్న కాగితం. అమ్మకం తేలికైతే ఆ కాగితమే దొంగసరుక్కి రక్ష.

నష్టం బల్లితో ఆగదు కూడా. అది రాళ్ల కింద, పుచ్చిన దుంగల కింద చెమ్మలో దాక్కుంటుంది. పట్టేవాళ్లు రాళ్లు తిరగేసి, దుంగలు చీల్చి పోతారు. మిగిలినవాటికి ఇల్లుండదు. నీడలో మట్టిరంగులో ఉండేది, వెలుతురు తగిలితే ఎరుపు, నలుపు, తెలుపు చుక్కలతో మెరుస్తుంది. ఆ మెరుపే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

2018లో సుమారు 10,000 ఉన్నవి 2022కి 18,000 అయ్యాయి. అడవిలో స్థానికులు కాపలా తిరగబట్టే ఇది సాధ్యమైందని నా నమ్మకం.

సంపంగి:
కాపలా ఒక్కటే చాలదండీ. ఆ అడవి మహా అయితే 50 హెక్టార్లు. 2024 జూలై 1న బెరిల్ తుఫాను వచ్చి దీవిలో 90 శాతం దాకా ఇళ్లను దెబ్బతీసింది. బయట కొన్ని లేకపోతే ఒక్క గాలివానతో జాతే పోదా?

నాగావళి:
సంపంగి గారూ, బయట ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. ఆ దేశం అనుమతితో, ఎక్కడివి ఎన్ని తెచ్చారో రాసిపెట్టి జూలో పెంచితే అది విత్తనం దాచుకోవడం. షాపులో అమ్మేది అది కాదు.

గడ్డిపరక:
మరి మన గుత్తి సాలీడో? నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ఉండే ఆ నీలి సాలీడుని విదేశాల్లో ఏళ్లుగా పెంచి అమ్ముతున్నారు. జాతి బతికే ఉంది కదా.

నాగావళి:
డబ్బాల్లో బతికుంది. అడవిలో దాని స్థితికి, జాతుల ముప్పుని లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఇచ్చిన మాట ‘తీవ్ర ప్రమాదం’. అది ముసలి చెట్ల తొర్రల్లో ఉంటుంది, ఆ చెట్లు కట్టెలకి పోతున్నాయి. జర్మనీలో ఎన్ని పిల్లలు పొదిగినా ఇక్కడ ఒక్క చెట్టు నిలబడదు. యూనియన్ దీవిలో గస్తీ తిరిగేవాళ్లకి జీతం ఆగకుండా అందే దారి మీకేదైనా తోస్తే చెప్పండి, గంటలకొద్దీ మాట్లాడతాను.