పేరు లేని మోకాళ్ల నొప్పి బిళ్లలు ఎక్కడ పరీక్ష చేయించాలి?

మాది గుంటూరు. మోకాళ్ల నొప్పులకి ఎవరో కాగితం పొట్లంలో కట్టిచ్చిన తెల్ల బిళ్లలు అమ్మ కొన్ని నెలలుగా వేసుకుంటోంది. పేరు లేదు, కంపెనీ లేదు. వేసుకోగానే నొప్పి తగ్గుతోంది కాబట్టి మానమంటే వినదు. ఇప్పుడు ముఖం ఉబ్బింది, ఎప్పుడూ లేని షుగర్ వచ్చింది. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపారేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. అదే అయితే ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, బీపీ పడిపోవచ్చు. అందుకే రేపు పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం మామూలు మనిషి కూడా ఫీజు కట్టి మందు పరీక్ష చేయించుకోవచ్చు. గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఎవరైనా అలా చేయించారా? బిళ్లలు ఎవరికి ఇవ్వాలి? బిల్లు లేకపోతే తీసుకుంటారా? పక్కింటి పిన్నిగారూ ఇవే వాడుతున్నారు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.