ఫొటోలో ఆకాశం మార్చారా లేదా, ఎలా తేల్చాలి?

అమలాపురంలో మేము పెట్టిన ఫొటో పోటీకి ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ని. ఫలితాలు ఆదివారం చెప్పాలి. ఒక్క ఫొటో దగ్గర ఆగిపోయాం.

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట సూర్యాస్తమయం, ముందు నాటుపడవ, అందులో వల సర్దుకుంటున్న మనిషి. నిజంగా బాగుంది, మార్కుల్లోనూ అదే ముందుంది. కానీ నీటి మీద వెలుగు చార సూర్యుడికి సరిగ్గా కింద లేదు, బొటనవేలంత కుడికి జరిగింది. నీటి అంచు వంకర లేదు కాబట్టి కెమెరా ఒరిగిందనలేం. తెడ్డు చుట్టూ, ఆకాశం అతికించినప్పుడు మిగిలే అంచులాంటి సన్నని తెల్లగీత కూడా కనిపిస్తోంది. మా నిబంధనల ప్రకారం క్రాపింగ్, వెలుగు, కాంట్రాస్ట్ సవరణలకే అనుమతి.

మొదట మెసేజింగ్ యాప్‌లో వచ్చిన కాపీలో ఎక్సిఫ్ వివరాలేమీ (ఫొటో ఎప్పుడు, దేనితో తీశారో ఫైల్లోనే నమోదయ్యే సమాచారం) లేవు. అసలు ఫైలు అడిగితే మెయిల్‌లో పంపారు. తేదీ, సమయం (సాయంత్రం 5:41) ఉన్నాయి, 'సాఫ్ట్‌వేర్' దగ్గర ఒక ఎడిటింగ్ యాప్ పేరుంది. అయితే వెలుగు పెంచినా ఆ పేరే పడుతుంది. రా ఫైలు (కెమెరా మార్పుల్లేకుండా దాచే అసలు డేటా) లేదు, ఫోనుతో తీశారట. ఇదే ఫొటో నెట్‌లో ఇంకెక్కడైనా ఉందేమోనని రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వెతికితే ఏమీ దొరకలేదు. అతికించిన భాగం ఉంటే వేరుగా మెరిసేలా చూపించే ఎర్రర్ లెవెల్ అనాలిసిస్ చేస్తే ఫొటో అంతా ఒకేలా మెరిసింది. సేవ్ చేసిన ప్రతిసారీ కుదించుకుపోయే జేపెగ్‌ను మళ్లీ సేవ్ చేశాక దానితో అంతకన్నా ఏం తెలుస్తుంది! అనుమానంతోనే ఒకరి కష్టాన్ని పక్కన పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు.

ఇలా ఎడిట్ చేసి సేవ్ చేసిన ఫోను జేపెగ్ ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు, ఆకాశం మార్చారని రుజువు చేయగల పరీక్ష ఏది?