మండువా ఇల్లు, ముగ్గురు వారసులు: అమ్మాలా, పంచుకోవాలా?

కోనసీమ ఆడపడుచు: నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు, అమ్మ అంతకుముందే. అన్నయ్య హైదరాబాద్‌లో, నేను రాజమండ్రిలో, తమ్ముడు అమలాపురం దగ్గర ఆ ఇంట్లోనే. అన్నయ్య అమ్మేద్దామంటాడు. తమ్ముడేమో "1996 తుఫానుకి లేచిపోయిన పెంకులు నాన్నతో కలిసి నేసింది నేను, నాకు ఎక్కువ రావాలి" అంటాడు. ఇద్దరూ ఒప్పుకునేది ఒక్కటే, కట్నం ఇచ్చారు గనక నేను సంతకం పెట్టేయాలని!

వకీలు గుమస్తా: తొందరపడి పెట్టకండమ్మా. వీలునామా లేకపోతే ముగ్గురికీ సమానమే. కట్నం లెక్కలోకి రాదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో, మగపిల్లలు పంచుకుందామనేదాకా ఆడపిల్ల నివాసపు ఇంట్లో వాటా విడగొట్టమని అడగకూడదనే సెక్షన్ ఉండేది, 2005లో తీసేశారు. వదులుకోవాలన్నా తెల్లకాగితం చాలదు, రిజిస్టరు చేయించాలి.

సెలవులకే వచ్చేవాణ్ణి: అన్నయ్యల్ని విలన్లని చెయ్యకండి బాబూ. సంక్రాంతికి నాలుగు రోజులు పడుకునే ఇంటికి ఏటా పెంకులు, చెదల మందు! టేకు స్తంభాలకి ఇప్పుడైతే బేరం వస్తుంది, చెద పట్టాక వంటచెరుకే.

లంకల కుర్రాడు: తమ్ముడుగారు అద్దె కట్టడం లేదు కదా, పెంకులకి అది చెల్లు. కొబ్బరి దింపు డబ్బులు ఎవరు తీసుకుంటున్నారో ముందది అడగండి.

తూము బాధితుడు: ఏం చేసినా మండువాలో గోడ మాత్రం కట్టకండి. మా తాతగారి ఇల్లు అలాగే పంచారు. నాలుగు వైపుల చూరు నీళ్ళూ మండువాలో పడి ఒక్క తూములోంచే పోవాలి. ఆ తూము పెదనాన్న వాటాలో పడింది. గోడ లేచిన ఏడాదే ముసురు పట్టింది, మా వైపు గదుల్లో మోకాలిలోతు నీళ్ళు. అమ్మ వడ్ల బస్తాలు మంచాల మీదకెక్కించింది. "గోడకి కన్నం పెట్టనివ్వండి" అని నాన్న అడిగితే, పెదనాన్న మూడేళ్ళు మాట్లాడలేదు.

వకీలు గుమస్తా: అందుకే 1893 నాటి విభజన చట్టం ఉంది. విడగొట్టడం కుదరని ఇంటిని, సగమో ఆపైనో వాటా ఉన్నవాళ్ళు కోరితే, కోర్టు అమ్మించొచ్చు. మిగిలినవాళ్ళు ఆ వాటాల్ని కోర్టు కట్టిన ధరకి కొనుక్కోవచ్చు. అన్నయ్య ఒక్కడిదీ మూడోవంతే, మీరు కలిస్తేనే సగం దాటుతుంది. కోర్టుదాకా ఎందుకుగానీ, తమ్ముడే మీ ఇద్దరి వాటాలూ వాయిదాల్లో కొంటాడేమో అడగండి.

కోనసీమ ఆడపడుచు: ఇందాకే ఫోన్ చేశాను. మొదట కోప్పడ్డాడు, తర్వాత "ఎన్ని వాయిదాలు?" అన్నాడు. మా తూము వాడి గది పక్కనుంచే పోతుందండీ, ఏటా తొలకరికి ముందు పూడిక తీసేదీ వాడే. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.