దూరదర్శన్ జానపదాల వీహెచ్‌ఎస్ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

బరంపురం నుంచి ప్రశ్న:
దూరదర్శన్‌లో వచ్చిన తప్పెటగుళ్లు, జముకుల కథ రికార్డు చేసిన క్యాసెట్లు నాలుగున్నాయి. రెండింటిలో టేపు చుట్ట అంచున తెల్లటి పొడి ఉంది. మిగతావి ఆడుతున్నాయి గానీ బొమ్మ పైభాగం వంకర పోతోంది. ఏం చేయాలండీ?

పర్లాకిమిడి నుంచి:
పొడి ఉన్నవి ప్లేయర్‌లో అస్సలు పెట్టకండి. అది బూజు. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్లకు అంటి మంచి క్యాసెట్లకూ పాకుతుంది. సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో ఇదే పెద్ద బెడద. ముందు తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో కొన్నాళ్లు ఉంచండి. తర్వాత మాస్కు కట్టుకుని, ఆరుబయట, క్యాసెట్ వెనక ఐదు స్క్రూలు విప్పి చుట్ట అంచులు మెత్తని పొడిగుడ్డతో తుడవండి. ప్లేయర్ హెడ్లకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. దూదిపుల్ల వద్దు, పోగులు చిక్కుకుంటాయి. నూగు రాలని గుడ్డను కదపకుండా ఆనించి, హెడ్లు బిగించి ఉన్న గుండ్రటి డ్రమ్మును చేత్తో తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది.

రాయగడ నుంచి:
బొమ్మ వంకర పోయేది, బొమ్మను కూర్చే అడ్డగీతల టైమింగు తప్పడం వల్ల. ఆ టైమింగును సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న ప్లేయర్ దొరికితే చాలావరకు సర్దుకుంటుంది. మన పాత టీవీ పద్ధతి అయిన పాల్ (PAL) సిగ్నల్‌ను 720×576 చుక్కల సైజులో, సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), ఇంటర్‌లేస్డ్‌గానే, అంటే గీత విడిచి గీతగా వచ్చే తీరులోనే, నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ (HuffYUV) ఫార్మాట్‌లో కంప్యూటర్‌లోకి పట్టండి. గంటకు సుమారు 30 జీబీ పడుతుంది. ఆ గీతలను కలిపి నిండు బొమ్మగా మార్చే డీఇంటర్‌లేస్ తర్వాత చేసుకోవచ్చు, అదీ కాపీ మీదే. పట్టేటప్పుడు మధ్యలో ఫ్రేములు జారిపోతే పాట, పెదవులు కలవవు.

బరంపురం నుంచి:
బుస్సుమనే శబ్దం తీసేయొచ్చా అన్నా?

రాయగడ నుంచి:
మొదట పట్టిన ఫైల్లో వద్దు తమ్ముడూ. బుస్సు తీసే ఫిల్టర్ గట్టిగా వేస్తే ముందు పోయేది గజ్జెల చప్పుడే. గజ్జెలు లేని తప్పెటగుళ్లు ఏం వింటాం!