సమస్య: గోడ దూకకుండ గోడ దాటె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. పై సమస్య నాలుగో పాదం. స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోపు మీదే పూరించాలి. జ్యూరిచ్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో 1981లో బిన్నిగ్, రోరర్ తయారుచేసిన పరికరమిది. 1986లో వాళ్లకు నోబెల్ తెచ్చిపెట్టింది. కంటికి కనబడే వెలుగు తరంగం పొడవు 400 నానోమీటర్ల పైమాటే. పరమాణువు అందులో వెయ్యో వంతు కూడా ఉండదు. వెలుగుకు అందనిదాన్ని సూదితో పట్టుకున్నారు: సూది మొనను నమూనాకు తాకీ తాకనంత దగ్గరగా జరుపుతూ, మధ్య ఖాళీని దాటే ఎలక్ట్రాన్ల కరెంటును కొలుస్తారు. కానివ్వండి.

రఘురాం:
సూది మొనకు కింద శూన్యమే యొక గోడ
శక్తి చాలనట్టి సన్న కణము
తరగ రూపు దాల్చి తా నావలికి జేరి
గోడ దూకకుండ గోడ దాటె

నిర్వాహకుడు: రఘురాం గారూ, శూన్యాన్ని గోడ అనడం చాలా బాగుంది. మొనకీ నమూనాకీ మధ్య ఉండే ఖాళీ నానోమీటరు లోపే. నా అభ్యంతరమల్లా ‘తరగ రూపు దాల్చి’ దగ్గరే. గోడ ఎదురైందని ఎలక్ట్రాన్ వేషం మార్చదు, దాని తీరే తరంగం. ఆ తరంగం గోడ దగ్గర ఠక్కున ఆగిపోదు, లోపల సన్నబడుతూ పోతుంది. గోడ పల్చగా ఉంటే అవతల కొంత మిగులుతుంది. ఆ మిగిలినదే దాటే అవకాశం, టనెలింగ్ అంటే ఇదే. ‘తరగ యగుట చేత’ అనండి, గణాలు చెడవు, శాస్త్రమూ చెడదు.

శ్యామల:
పిసరు దగ్గరైతె పెచ్చుగా ప్రవహించు
జరిగి దూరమైన చప్పబడును
మెట్టపల్లమెల్ల మిన్నగా గనిపించు
గోడ దూకకుండ గోడ దాటె

రఘురాం: శ్యామల గారూ, అసలు కిటుకు మీ మొదటి రెండు పాదాల్లోనే ఉంది. ఖాళీ 0.1 నానోమీటరు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అందుకే మొనలో అన్నిటికన్నా ముందుకున్న ఒక్క పరమాణువు గుండానే కరెంటు చాలావరకు పోతుంది, ఒక్కో పరమాణువూ విడిగా తెలుస్తుంది. కానీ ఇంతకీ గోడ దాటిందెవరు? కర్త కనబడటం లేదు.

శ్యామల: అయితే మూడో పాదం ఇలా మారుస్తాను:
మెట్టపల్ల మెఱుగ మేలి విద్యుత్తదే

నిర్వాహకుడు: ఇప్పుడు అతికింది. ‘మేలి’ యతి కోసమే వచ్చినా ఇబ్బంది లేదు.

వేణు: 1993లో ఐబీఎం శాస్త్రవేత్త డాన్ ఐగ్లర్ బృందం రాగి మీద 48 ఇనుప పరమాణువులను గుండ్రంగా పేర్చింది కదా, దాని మీద:
రాగి నేలమీద రచియింప నొక కంచె
నినుప నలుసులందు నిరుకు తరగ
వలయములుగ దోచి వాడి సూదిని జేరి
గోడ దూకకుండ గోడ దాటె

శ్యామల: ఎంత బాగా కుదిరింది! కంచె లోపల కనబడే వలయాలు పరమాణువులు కావు, అక్కడ చిక్కుకున్న ఎలక్ట్రాన్ తరంగాలు. చాలామంది పొరబడే చోటు ఇదే. మీరు ‘తరగ’నే కర్తను చేసి ఆ తేడా నిలిపారు.

నిర్వాహకుడు: నా ఓటూ దీనికే. కంచెను ‘రచియింప’డం ఒక్కటే కృతకంగా ఉంది. ఆ పరమాణువులను అదే మైక్రోస్కోపు సూదితో ఒక్కొక్కటిగా జరిపి నిలబెట్టారు. అది పద్యంలోకి రావాలంటే:
రాగి నేలమీద రాటలై నిలిచిన
యినుప నలుసులందు నిరుకు తరగ

వేణు: తీసుకున్నానండీ. పద్యం ఇకపై ఈ పాఠంతోనే ఉంటుంది.