ఈ వారం సమస్య: పాట పుట్టినంతనె కవి పారిపోయె

తేటగీతి అనే పద్యానికి చివరి పాదం ఇది, ముందు మూడు పాదాలు సభ్యులు రాసి పూరించాలి. సాహిత్యం సంగీతంతోనో, సినిమాతోనో, ఫోన్లో మోగే పాటతోనో కలిసే చోటు గురించే పూరించమని అడిగాను. 2016లో బాబ్ డిలన్‌కు నోబెల్ ప్రకటించగానే, పాటలు రాసేవాడికి సాహిత్య బహుమతి ఏమిటని చాలామంది వాదించారు. మనకు ఆ ప్రశ్న కొత్త కాదు. 1962లో ‘గులేబకావళి కథ’ పాటలతో సినిమాల్లోకి వచ్చిన సి. నారాయణరెడ్డి గారికే 1988కి జ్ఞానపీఠం వచ్చింది. పాట రాసినప్పుడు ఒక కవి, ‘విశ్వంభర’ కావ్యం రాసినప్పుడు మరొక కవి ఆయనలో ఉన్నారని నేననుకోను.

గోస్తని గారి పూరణ:

బాణి ముందుగ నిచ్చిరి పదము లేవు
రాత్రి యంతయు మేల్కొని వ్రాసె నతడు
మరల మార్చుమం చందురో మనసు బెదరి
పాట పుట్టినంతనె కవి పారిపోయె

సినిమా పాట పుట్టే తీరు ఇందులో చక్కగా ఉంది. ముందు ట్యూను, ఆ కొలతకు తగ్గ మాట తర్వాత. గణాలు (అక్షరాల కొలత), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) సరిపోయాయి. మూడో పాదంలో ‘అందురో’ తర్వాత ‘అని’ లేక వాక్యం తెగింది. ‘మరల మార్చుమందు రటంచు మనసు బెదరి’ అంటే అన్వయం కుదురుతుంది. ట్యూనుకు రాయడం తక్కువ పని అని కొందరు సభ్యులు వ్యాఖ్యల్లో అన్నారు. ఒప్పుకోను. గణాలు ముందే నిర్ణయించి ఉన్న తేటగీతిలో మనం ఇక్కడ చేస్తున్నదీ అదే కదా!

డాలస్ నుంచి ఒక సభ్యురాలు:

గీత మల్లిన వానికిఁ గీర్తి నొసఁగ
స్వీడ నాహ్వాన మంపెను, సెలవు గోరె
పాటయే తన యిల్లన్న బాటసారి
పాట పుట్టినంతనె కవి పారిపోయె

మొదటి మూడు పాదాలు నాకు ఎంతో నచ్చాయి. ‘స్వీడన్’ను పద్యంలో ఇంత సాఫీగా ఇమిడ్చినందుకు అభినందనలు. డిలన్ ఆ డిసెంబరులో స్టాక్‌హోమ్ సభకు వెళ్లలేదు. ఆయన పాటను గాయని పాటీ స్మిత్ పాడారు, మధ్యలో తడబడి, క్షమించమని అడిగి మళ్లీ అందుకున్నారు. తన పాటలు సాహిత్యమా అని ఆలోచించే తీరిక తనకెప్పుడూ దొరకలేదని డిలన్ పంపిన ప్రసంగంలో ఉంది. అయితే అమ్మా, ఆయన తప్పించుకున్నది సభను, పాటను కాదు. ఆ పాటలు పుట్టిన దశాబ్దాల తర్వాత వచ్చింది బహుమతి. ‘పుట్టినంతనె’ అన్న మాటకు మీ పద్యంలో జవాబు లేదు. సమస్యాపాదం అతికించినట్టు మిగిలింది. మూడో పాదాన్ని మళ్లీ చూడండి.

మంజీర గారి పూరణ:

బీటు పడగానె యువకుని ఫోను మ్రోగె
రెండు పంక్తులే చాలును రీలు చేయ
మాటలన్నియుఁ గొట్టేసి మత్తు నింప
పాట పుట్టినంతనె కవి పారిపోయె

మొదటి పాదంలో బీ–ఫో యతి చెల్లదు. ‘పెదవి కదలె’ అని మార్చితే సరి. రెండు పంక్తులు చాలన్నాక మాటలన్నీ కొట్టేశారనడం పొసగదు.

పినాకిని గారి పూరణ:

అచ్చు పుస్తకమందున నణఁగు కవిత
దరువు తగిలిన నాఁడది దారి పట్టె
నాల్గు వీధుల నీరయి నదిగ మారి
పాట పుట్టినంతనె కవి పారి పోయె

ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ. ‘పారిపోయె’ను ‘పారి పోయె’ అని విడదీసి పరుగును ప్రవాహం చేశారు. దీని వెనుక ఉదాహరణ శ్రీశ్రీ అని ఆయనే చెప్పారు. 1933లో రాసిన ‘జయభేరి’లోని ‘నేను సైతం’ అన్న ఎత్తుగడను తీసుకుని సుద్దాల అశోక్‌తేజ 2003లో ‘ఠాగూర్’ సినిమాకు పాట రాశారు, దానికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ కవిత ఉన్న ‘మహాప్రస్థానం’ పుస్తకం ఎన్నడూ తెరవని పిల్లలు కూడా ఆ రెండు మాటలూ గొంతెత్తి పాడారు.

నాగావళి గారు అభ్యంతరం చెప్పారు: “నీరయి, నదిగ మారి అని రెండుసార్లు ఎందుకండీ? పైగా కవి నదిలా పారితే మంచిదే, కానీ ఆ నీళ్లు ఎవరివో తాగేవాడికి తెలియకపోతే?”

మొదటిది చిన్న లోపమే. రెండోది మాత్రం నన్ను పట్టుకుంది. త్యాగరాజ కీర్తన ఎంత దూరం పోయినా చివరి చరణంలో ‘త్యాగరాజ’ అన్న ముద్ర ఉంటుంది. పాడేవాళ్లు దాన్ని దాటి పోలేరు. సినిమా పాటకు ఆ ముద్ర లేదు. ఆకాశవాణిలో పాటకు ముందు రచయిత పేరు చదివేవారు, అదే ముద్రలా పనిచేసేది. ఇప్పుడు ఫోన్ తెర మీద గాయకుల పేర్లు ముందు కనిపిస్తాయి, రాసినవారి పేరు కోసం వెతుక్కోవాలి. కవి పాటలో కలిసిపోవడం గొప్ప సంగతే. అతని పేరు రాయకపోవడం మాత్రం మన తప్పు. పాట పంచుకునేటప్పుడు రచయిత పేరు కూడా రాయమని సభ్యులందరినీ అడుగుతున్నాను.

ఆలస్యంగా వచ్చిన నాగావళి గారి పూరణ:

వరిని నాటెడు చేతుల వరుస నడుమ
పల్లవించెను పదమొండు పడతి నోట
జనుల గొంతులఁ గలిసి తా జాడ చెదరి
పాట పుట్టినంతనె కవి పారిపోయె

తన అభ్యంతరానికి తనే మరో వైపు చూపించారు. నాట్ల పాటకు ముద్ర లేదు, అడిగేవారూ లేరు. పద్యం నిర్దోషం. ‘పడతి’ మాత్రం ఆ మడిలో దిగే మాట కాదు. ‘పల్లె నోట’ అంటే యతి చెడదు, పాట ఒక్కరిది కాకుండానూ పోతుంది. “ఒప్పుకుంటున్నాను, కానీ మొదట పాడిన ఆమె మాయమైపోతుంది కదండీ” అని జవాబిచ్చారు. నాగావళి గారి మాటే నెగ్గింది, ‘పడతి’నే ఉంచుదాం.

వచ్చే వారం సమస్య, మళ్లీ తేటగీతే: ‘శ్రుతియె లేని గీతము జనశ్రుతిగ నిలిచె’.