స్కూల్ పప్పెట్ ప్రాజెక్ట్: కిట్టు కొనాలా, ఇంట్లో పాత సాక్సు చాలా?

సింహపురి_అమ్మ (నెల్లూరు)

మా పాప మూడో తరగతి. నవంబర్ 14 బాలల దినోత్సవానికి ఒక్కో పిల్ల ఒక పప్పెట్ (చేత్తో ఆడించే బొమ్మ) చేసి తేవాలని స్కూల్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టినారు. కింద లిస్టు, గ్లిట్టర్ ఫోమ్ షీట్లు, కదిలే కళ్ళు, రంగురంగుల ఉన్ని బంతులు, గ్లూ గన్. నీట్‌గా ఉంటే మార్కులంట. ట్రంక్ రోడ్డులో అడిగితే అన్నీ కలిపిన కిట్టు మూడొందల యాభై చెప్పినారు.

నా మాట సూటిగా చెప్తా, అందరూ ఒప్పుకోకపోయినా పర్వాలేదు. జత తప్పిన సాక్సు ఒకటి, రెండు చొక్కా గుండీలు, అట్టముక్క, సూదీ దారం, ఇంతే చాలు. మార్కు వేయాల్సింది బొమ్మ ఎంత మెరుస్తా ఉండాదని కాదు, ఎట్టా కదుల్తా ఉండాదని. ఆ కిట్టులో బొమ్మని షాపులోనే విప్పి చూశా, పుల్లకి అంటించిన ఫోమ్ ముక్క అది, నోరు తెరవదు, తల తిప్పదు, చెయ్యి ఊపదు, గోడకి పెట్టుకునేదానికి బాగుంటాది. బొమ్మలాట అంటే ఆట ఉండాలి గదా, ఆ పిల్ల దాన్ని పట్టుకుని ఏం ఆడించాల?

మీరేమంటారు? ఇంకోటి కూడా చెప్పండి, పెద్దవాళ్ళు దీంట్లో ఎంతవరకు చెయ్యి పెట్టచ్చు?

కావలి_బ్యాంకమ్మ

అక్కా నేను ఒప్పుకోను. పొద్దున ఎనిమిదింటికి పోతే ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతాది, ఆ టైంలో గుండీలు వెతికి సాక్సు ఉతికి ఆరేసి కుట్టించే ఓపిక యాడుంది చెప్పండి. కిట్టులో అన్నీ ఒకచోట ఉంటాయి, మా వాడు తనే కూర్చుని అంటించుకుంటాడు. ఫోమ్ షీట్ పిల్లల కత్తెరతో తెగుతాది, అట్ట తెగదు. ఏడెనిమిదేళ్ళ చేతులకి అట్ట కత్తిరించడం అంటే చివరికి మనమే కత్తిరించాల, అప్పుడు అది ఎవరి బొమ్మ?

అసలు విషయం ఇంకోటుంది. పక్క బెంచీలో పిల్ల తళతళా మెరిసే నెమలి పట్టుకోనుంటే మనవాడు పాత సాక్సు బయటికి తీయాలంటే సిగ్గుపడతాడు. క్లాసులో కూర్చునేది వాడు, మనం కాదు. మన సిద్ధాంతాల కోసం పిల్లోణ్ణి చిన్నబుచ్చడం నాకిష్టం లేదు.

ఒంగోలు_స్టేషనరీ

నేను ఈ సామాన్లు అమ్మేవాణ్ణే, నా వైపు నుంచి కూడా వినండి. రాత్రి షటర్ దించేటప్పుడు వస్తారు అమ్మానాన్నలు, రేపే ఇవ్వాలి ఏదో ఒకటి ఇవ్వండి అని, పిల్లలు బండి మీదే నిద్రపోతా ఉంటారు. వాళ్ళకి కిట్టు ఇవ్వక ఏం ఇస్తాను. కిట్టు తప్పని నేననను, బ్యాంకమ్మ గారు చెప్పిన టైం సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం.

కానీ గ్లూ గన్ చిన్నపిల్లలకి అని అడిగితే మాత్రం ఇవ్వను. ఆ జిగురు రకాన్ని బట్టి 120 నుంచి 190 డిగ్రీల దాకా కాగుతుంది, మరిగే నీళ్ళకన్నా ఎక్కువ వేడి, పైగా నీళ్ళు జారిపోతాయి ఇది చర్మానికి అతుక్కుని అక్కడే కాలుస్తా ఉంటుంది. మూడో తరగతి లిస్టులో అది ఎట్లా రాస్తారో నాకైతే అర్థం కాదు. బొమ్మల తలకి ధర్మాకోల్ ఉండలు కూడా అడుగుతా ఉంటారు, అలంకరణకి వాడే ధర్మాకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు, అయినా ప్రాజెక్టుల్లో వస్తానే ఉంది.

కనిగిరి_టీచర్

నేను ప్రభుత్వ బడిలో 4, 5 తరగతులు చెప్తాను. నా ఉద్దేశంలో కిట్టా సాక్సా అన్న గొడవకి ముందు, దీన్ని ఇంటికి పంపడమే సరికాదు. ఇంటికి పంపిన రోజే అది అమ్మానాన్నల పోటీ అయిపోతుంది. బళ్ళో అందరి ముందూ ఒకే రకం సామాను పెట్టి ఒక పూట కూర్చోబెడితే బ్యాంకమ్మ గారు చెప్పిన చిన్నబుచ్చుకోవడం అనేదే రాదు.

మేం మందుల షాపుల్లో, బేకరీల్లో ఇచ్చే ఖాకీ కాగితం కవర్లతో మొదలుపెడతాం. కవరు అడుగున మడత ఉంటుంది కదా, దాని పైభాగంలో కళ్ళు ముక్కు పైపెదవి, మడత కింద కవరు మీద కింది పెదవి గీయాలి, చెయ్యి లోపలికి పెట్టి వేళ్ళు ఆ మడతలోకి దూర్చి ఆడిస్తే నోరు కదులుతుంది. కత్తెర అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు, నలభై మంది పిల్లలున్నా ఒక పీరియడ్‌లో అయిపోతుంది. సాక్సు తర్వాత మెట్టు. సాక్సు ముందుభాగం నోరు, నాలుగు వేళ్ళు పైదవడ, బొటనవేలు కిందదవడ.

ఇక్కడ నేను బాగా పట్టుబట్టే సంగతి ఒకటి ఉంది. పిల్లలందరూ నోరు తెరవమంటే పై వేళ్ళు ఎత్తుతారు, అప్పుడు బొమ్మ తల ప్రతి మాటకీ ఆకాశంలోకి ఎగురుతుంది, మనం మాట్లాడేటప్పుడు కదిలేది కింది దవడ కదా. కాబట్టి వేళ్ళు కదపకుండా బొటనవేలు మాత్రం దించడం నేర్పాలి. మణికట్టు కొంచెం ముందుకి వంచాలి, లేకపోతే బొమ్మ పైకప్పు చూస్తూ మాట్లాడుతుంది, ఎదురుగా ఉన్న పిల్లల్ని చూడదు. ఇంకా తెలుగులో మాట గబగబా దొర్లిపోతుంది, ప్రతి అక్షరానికీ నోరు తెరిపిస్తే టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది, అందుకని దీర్ఘాలకి, వత్తి పలికే చోట మాత్రం బాగా తెరవమంటాను. "అమ్మాఆఆ" అని పిలిచేటప్పుడు ఒకసారి పెద్దగా తెరిస్తే చాలు. ఇవన్నీ నేర్చుకునేదానికే పప్పెట్, గ్లిట్టర్ అంటించడానికి కాదు.

ఢిల్లీలో 1979లో పెట్టిన సీసీఆర్టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) అనే సంస్థ టీచర్లకి చదువులో బొమ్మలాట వాడకం మీద కూడా ట్రైనింగులు ఇస్తుంది, హైదరాబాద్‌లో కూడా వాళ్ళ సెంటర్ ఉంది. ప్రైవేటు స్కూళ్ళు కూడా ఒక్క టీచర్ని పంపితే ఈ లిస్టులు రావు.

ఉలవపాడు_పెద్దాయన

అమ్మా, మీరంతా ఫోము సాక్సు అంటా ఉండారు గానీ మన సముద్రం వైపు ఊళ్ళలో తాటి టెంకెలు ఉండాయి గదా. తాటిపండు చీకినాక టెంకెకి పీచు మిగుల్తాది చూడండి, దాన్ని కడిగి ఎండబెట్టి దువ్వెనతో దువ్వితే తెల్లజుట్టు ముసలాయన, గడ్డం సాధువు ఏది కావాలంటే అది. రెండు చింతగింజలు అంటిస్తే కళ్ళు. కింద కర్ర గుచ్చాలంటే పెద్దవాళ్ళు చిల్లి వేసియ్యాల, దానికి పాతగుడ్డ చుడితే చొక్కా. ఇప్పుడు టెంకెలన్నీ తేగల కోసం పాతిపెట్టి ఉంటారు, అయినా తోపుల్లో ఎండిపోయినవి దొరుకుతాయి. రూపాయి ఖర్చు లేదు.

మా చిన్నప్పుడు శివరాత్రికి తోలుబొమ్మలాట వాళ్ళొచ్చి గుడి ముందర తెల్లగుడ్డ కట్టి తెల్లార్లూ రామాయణం ఆడేవాళ్ళు. యుద్ధం వచ్చిందంటే కాళ్ళ కింద చెక్కలు తొక్కి ధనధనా మోగించేవాళ్ళు, నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు బంగారక్క వచ్చినారంటే నిద్రపోయే పిల్లలు కూడా లేచి కూర్చునేది. ఆ బొమ్మలు మేకతోలుని గీకి గీకి వెలుతురు కనిపించేట్టు పల్చగా చేసి రెండుపక్కలా రంగేసినవి, అందుకే తెర మీద ఎరుపు పచ్చ అన్నీ పడతాయి. ఇప్పుడు పిల్లలకి అట్టముక్క మీద రావణాసురుడి ప్రింటు అంటించి తోలుబొమ్మ అని చెప్పి పంపిస్తా ఉండారు, తెర మీద నల్లటి నీడ తప్ప ఏం పడదు. అది చూసి పిల్లలు తోలుబొమ్మలాట అంటే ఇంతేనా అనుకుంటారు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఇప్పటికీ చేస్తా ఉండారు, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. అట్టాంటి విద్యని అట్టముక్కతో సరిపెట్టడం నాకు మనసొప్పదు.

చీమకుర్తి_నాన్న

పెద్దాయనా మీరు చెప్పింది సగం ఒప్పుకుంటాను. తోలు పిల్లలు చేయలేరు నిజమే, కానీ రంగు నీడ మాత్రం ఇంట్లో కాగితంతోనే వస్తుంది. తెల్లకాగితం మీద బొమ్మ గీసి రంగులేసి, రంగు బాగా ఆరినాక వెనకనుంచి దూదితో కొబ్బరినూనె పల్చగా రాసి పాత పేపర్ల మధ్యన అదిమి పెట్టాలి. కాగితం పీచుల మధ్యనుండే గాలి సందుల్లోకి నూనె పోయి వెలుతురు చెదిరిపోకుండా దాటొస్తుంది, ఇడ్లీ పొట్లం కాగితానికి నూనె అంటినచోట వెలుగు కనిపిస్తుంది చూడండి అదే సంగతి. నగల దగ్గర దబ్బనంతో చిల్లులు పొడిస్తే తెర మీద చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి, తోలుబొమ్మలవాళ్ళు ఉలితో చేసేదీ ఇదే కదా. భుజం మోచెయ్యి విడివిడిగా కత్తిరించి దారం ముడేస్తే కీళ్ళు, చీపురుపుల్లలు కట్టి ఆడించడమే. వెనక ఫోన్ టార్చి ఒక్కటే పెట్టాలి, రెండు పెడితే రెండు నీడలు పడతాయి. బొమ్మ గుడ్డకి ఆనించి పెడితే గీత తేటగా ఉంటుంది, దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది, హనుమంతుడు పెరిగే సీన్‌కి మా పిల్లలు అదే వాడతారు.

పెద్దవాళ్ళు చెయ్యి పెట్టకూడదు అనేది మాత్రం నేను ఒప్పుకోను. తోలుబొమ్మలవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు ఎట్లా నేర్చుకున్నారు, తండ్రి పక్కన కూర్చుని ఆయన చిల్లులు కొడుతుంటే వీళ్ళు రంగులు వేసి నేర్చుకున్నారు. టీచర్ గారు, బళ్ళోనే చేయించాలంటే ఈ కూర్చోవడం పోతుంది. మాది క్వారీ పని, వారంలో పిల్లలతో కూర్చునేది ఒక్క ఆదివారమే, ఇట్లాంటి ప్రాజెక్ట్ వస్తే నాకు సంతోషం.

కనిగిరి_టీచర్

అన్నా, మీలాంటి నాన్న ఉన్న పిల్లకి బాగానే ఉంటుంది. మా బడి పిల్లల్లో సగం మంది అమ్మానాన్నలు పనుల కోసం వలసపోయి ఉంటారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర ఉంటారు, వాళ్ళకి ఆదివారం పక్కన కూర్చునేవాళ్ళు ఎవరు? నేను ఆ పిల్లల్ని చూసి మాట్లాడుతున్నాను.

ఉదయగిరి_కుర్రోడు

పేపర్ గుజ్జుతో తలలు చేయడం ఎవరూ చెప్పలేదేంది? బుడగ ఊది దాని మీద పేపర్ ముక్కలు మైదా జిగురుతో నాలుగు పొరలు అంటిస్తే గట్టి తల వస్తాది, మేం కాలేజీలో అట్నే చేసినాం. జిగురుకి పురుగు పట్టకుండా పోస్టర్లు అంటించేవాళ్ళు కలిపినట్టు కొంచెం మైలుతుత్తం వేస్తే ఏళ్ళు నిలుస్తాది.

చీమకుర్తి_నాన్న

తమ్ముడూ ఆ మాట దయచేసి ఎవరూ పాటించొద్దు. మైలుతుత్తం విషం. పిల్లలు అదే చేత్తో అన్నం తింటారు, వేళ్ళు నోట్లో పెట్టుకుంటారు. జిగురు కాచేటప్పుడు ఉప్పు వేయండి, బూజు తొందరగా పట్టదు, అది చాలు. బొమ్మ ఏళ్ళు నిలవాల్సిన పని కూడా లేదు.

సింహపురి_అమ్మ (నెల్లూరు)

పేపర్ తల ఐడియా మంచిదే గానీ ఇప్పుడు కాదు, మనకి వానలెక్కువ అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే గదా, ఈ ముసురులో నాలుగు పొరలు ఎప్పటికి ఆరతాయి, లోపల బూజు పట్టి వాసన కొడతాది. ఎండాకాలం సెలవుల్లో చేసుకోవచ్చు. అప్పుడైనా బుడగ మీద చేసింది నీడలోనే ఆరబెట్టాల, ఎండలో పెడితే లోపల గాలి వ్యాకోచించి టప్పున పేలుతాది. పేపర్ కత్తిరించకుండా చించితే అంచులు కలిసిపోయి మొహం నున్నగా వస్తాది.

చెయ్యి పెట్టడం గురించి చీమకుర్తి అన్నా మీతో నాకు పేచీ లేదు, సూది పెట్టడం, చిల్లి వేయడం, నూనె రాయడం మనం చేద్దాం. కానీ మొహం పిల్లే గీయాల, పేరు పిల్లే పెట్టాల, ఏం మాట్లాడాలో కూడా పిల్లే చెప్పాల. కన్ను ఒకటి పైకి ఒకటి కిందకి పోయినా సర్దకూడదు. మెసేజ్ పెట్టిన మేడంతో నేను మాట్లాడినా, నీట్‌నెస్ మార్కులు తీసేసి రెండు నిమిషాలు బొమ్మతో మాట్లాడించి దానికి వేయండి అని అడిగినా. ప్రిన్సిపాల్‌ని అడిగి చెప్తా అన్నారు. మీ మీ స్కూళ్ళలో కూడా అడగండి, ఒక్కరం అడిగితే పట్టించుకోరు.

కావలి_బ్యాంకమ్మ

మార్కులు ఆడించేదానికే అయితే నేను కూడా సంతకం పెడతా అక్కా, మా వాడు కథలు బాగా చెప్తాడు. కిట్టు కొనను గానీ ఫోమ్ షీట్ ఒక్కటి మాత్రం కొంటా, చెవులకి నాలుకకి. అది వాడి చేత్తో తెగుతాది కాబట్టి కొంటా, ఈ విషయంలో మీరెవరూ నన్ను మార్చలేరు.

టీచర్ గారూ ఒక డౌట్. సాక్సు నోట్లో అట్ట పెట్టి ఫెవికాల్ రాస్తే రెండుసార్లు నోరు మూయించేసరికి ఊడొస్తా ఉంది, గ్లూ గన్ వద్దని స్టేషనరీ ఆయనంటిరి, మరి ఎట్టా?

కనిగిరి_టీచర్

మేడం, అట్టని కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి మధ్యకి మడవండి, అంచు చుట్టూ సూదితో ముందే చిల్లులు వేసి పెట్టుకోండి. సాక్సు ముందు కుట్టు విప్పేసి అట్ట మడత లోపలికి ఉండేలా దూర్చి, సాక్సు అంచుని అట్ట మీదకి మడిచి ఆ చిల్లుల్లోంచి దారంతో కుట్టేయండి. చిల్లులు ముందే ఉంటే మీ వాడే కుట్టగలడు, లావు సూది ఇవ్వండి. పైన ఎర్రగుడ్డ ముక్క అంటిస్తే కుట్లు కనపడవు. ఇంకో మాట, పైదవడ వైపు అట్ట వెనకాల గుడ్డపట్టీ ఒకటి కుట్టండి, వేళ్ళు దాంట్లోకి దూరితే నోరు జారిపోదు.